ఆత్మకూరు రసీదు

ఉదయగిరి,
9 మార్చి 2025.

చెల్లెలు నిరోషకు,

మాధవక్క రాస్తున్నది. ఉత్తరం అనగానే ఎవరో పోయారని భయపడకు, అందరమూ బతికే ఉన్నాం. నీకు ఆశ్రయమిచ్చిన ఆ ఇంటి చిరునామా కోర్టు తీర్పులో ఉంది, దాన్నిబట్టి రాస్తున్నాను. ఏడేళ్ళుగా ఒక్క ముక్క రాయని దాన్ని, ఇప్పుడు పనిబడే రాస్తున్నాను. నువ్వు తిట్టుకునే ముందు నేనే ఒప్పేసుకుంటే సరిపోతుంది కదా.

మీ బావకు పడిన ఏడేళ్ళూ జూలై ఎనిమిదో తేదీతో తీరిపోతాయట. పోలీసులు పట్టుకెళ్ళిన రోజు నుంచీ లెక్క. అయితే శిక్షతోపాటు లక్ష రూపాయల జరిమానా కూడా వేశారు. అది కట్టేస్తే జూలైలో ఇంటికి వచ్చేస్తాడు. కట్టకపోతే ఇంకో ఏడాదిన్నర లోపలే ఉండాలి. లాయరు ఈ మాట చెప్పినప్పటి నుంచీ మా అత్త కాలు నిలవడం లేదు. పొద్దున్నే చెరువులో చేపలు పట్టి, అమ్మి, మధ్యాహ్నానికల్లా ఎవరో ఒకరి గడపలో కూర్చుంటుంది. “వెంగమ్మా, లక్ష అంటే మాటలా” అని అందరూ మజ్జిగిచ్చి పంపిస్తున్నారు.

నేను ఇక్కడ చెక్క చెంచాలు చేసే కేంద్రంలో పనిచేస్తున్నాను. చెక్కిన చెంచాకు గరుకు కాగితం పట్టి నున్నగా చేయడం నా పని. చేతులు చూశావంటే మొగవాడి చేతులనుకుంటావు. కలివి చెక్కతో చేసిన చెంచా ఒకటి దీనితో పంపుతున్నాను. పారేయకు.

అసలు సంగతి అడుగుతాను. ఆ జరిమానా కట్టాలా, వద్దా? నీకు జరిగిందానికి వేసిన డబ్బు కాబట్టి నిన్నే అడగాలనిపించింది. నా అభిప్రాయం మాత్రం అడగొద్దు. నా ఫోను నంబరు కింద రాస్తున్నాను.

మాధవి.


ఆత్మకూరు,
23 మార్చి 2025.

మాధవక్కకు,

నీ ఉత్తరం, చెంచా చేరాయి. పారేయలేదు.

ఆ నంబరుకు నేను చేయను. వారానికోసారి జైలు నుంచి ఆయన గొంతు వినిపించేది ఆ ఫోనులోంచే కదా. ఫోను మోగితే ఇప్పటికీ నా చేతిలో సూది కింద పడుతుంది. ఏమైనా ఉంటే కాగితం మీదే రాయి.

ఏడేళ్ళ తర్వాత ఉత్తరం రాసి, కట్టమంటావా వద్దంటావా అని నన్నే అడుగుతావా! నాలుగు రోజులు కోపంతో అన్నం సహించలేదు. కోపం దిగాక ఆలోచిస్తే ఇంకా అయోమయంగా ఉంది.

మేమిక్కడ అయిదుగురం. ఇల్లు నడిపేది లిదియమ్మ. నేను బట్టలు కుడతాను, ఆఫీసు గదిలో లెక్కలూ రసీదులూ రాస్తాను. అయిదేళ్ళపాటు గురువారం గురువారం నెల్లూరు నుంచి ఒక డాక్టరమ్మ వచ్చేది. సూదిమందు ఇచ్చే డాక్టరు కాదు, కూర్చోబెట్టి మాట్లాడించే డాక్టరు. నన్ను మళ్ళీ మనిషిని చేసింది ఆమే. డబ్బుల్లేక ఆరు నెలలుగా ఆమె రావడం ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే కలువాయి వైపు నుంచి జయశ్రీ వచ్చింది. నేను పోయినచోటికే ఆ పిల్లా పోయి వచ్చింది. మాట్లాడదు. స్టీలు గిన్నె చప్పుడైతే చెవులు మూసుకుని మూలకు పోతుంది. నీ చెక్క చెంచా ఆమెకిచ్చాను. దానితో నాలుగు ముద్దలు తిన్నది.

తీర్పులో ఏం రాశారో నీకు తెలుసు కదా. జరిమానా వసూలైతే, ఆ డబ్బు మాలాంటి వాళ్ళ వైద్యం కోసం ఈ ఇంటికే ఇవ్వాలని ఉంది. అంటే ఆయన కడితే డాక్టరమ్మ వస్తుంది. కడితే ఆయనా బయటికి వస్తాడు. కట్టకపోతే ఆయన లోపలే ఉంటాడు, జయశ్రీ కూడా ఆ మూలలోనే ఉంటుంది. ఇందులో నేను దేన్ని కోరుకోవాలో చెప్పు.

ఇంకొకటుంది. మన పుట్టినూళ్ళో పెద్దమనుషులు ఎవరికైనా తప్పు డబ్బు వేస్తే ఎట్లా ఉండేదో గుర్తుందా? మా మేక కాలు ఎవరో విరగ్గొడితే, వేసిన తప్పు డబ్బును తమలపాకుల్లో పెట్టి మా నాయన చేతికిచ్చారు. చేత్తో తీసుకున్నాడు కాబట్టి ఆ మాట ఇక ఎత్తకూడదన్నారు. అదే పూట మా నాయన ఆ కాలు విరగ్గొట్టినవాడి పక్కన కూర్చుని భోంచేశాడు. కోర్టు జరిమానాకూ దానికీ సంబంధం లేదని లిదియమ్మ ఎన్నిసార్లో చెప్పింది. తల ఊపుతాను. కానీ ఆ డబ్బు ఈ ఇంటికి వచ్చిందంటే నేను మాఫీ చేసినట్టే అని లోపల ఒకటే పీకుతుంటుంది.

కాబట్టి నన్ను అడగొద్దు.

నిరోష.


ఉదయగిరి,
15 ఏప్రిల్ 2025.

నిరోషకు,

నిన్ను అడగొద్దని నువ్వూ, నన్ను అడగొద్దని నేనూ అనుకుంటూ ఉండగా మా అత్త ఎవరినీ అడక్కుండా రెండు బర్రెలనూ అమ్మేసింది. వింజమూరు నుంచి మనుషులొచ్చి తోలుకుపోయారు. అవి వెనక్కి తిరిగి చూస్తుంటే ఈమె కొట్టం ఊడ్చుకుంటూ కూర్చుంది. ఒక్క కన్నీటి చుక్క లేదు. నేనే ఏడ్చాను.

నువ్వు తప్పు సంగతి రాశావు చూడు, మా అత్త బుర్రలో కూడా అదే ఉంది. జరిమానా అన్నా తప్పు అన్నా ఆమెకు ఒకటే. “తప్పు కట్టేటప్పుడు ఎవురికి కట్టాలనో వాళ్ళ చేతిలోనే పెట్టాల. మధ్యలో ఇంకోడెందుకు? నడాన ఎవుడన్నా మింగేస్తే ఎట్ట?” అంటుంది. నిన్న నన్ను కూర్చోబెట్టి, “మే, ఆ కోర్టు కాయితం దీసి దుడ్లు ఎవురికియ్యాలని రాసుండారో చదువు” అన్నది. తీర్పు బయటికి తీసి చదివి వినిపించాను. అవసరమైనంత వరకు చదివాను.

వచ్చే సోమవారం ఆత్మకూరు బస్సెక్కుతుందట. నన్ను తోడు రావద్దన్నది. నువ్వు ఆమె కంట పడతావో, లోపలే ఉంటావో నీ ఇష్టం. నువ్వు మా ఇంట్లో ఉన్న రెండేళ్ళూ నీకు అన్నం పెట్టిన మనిషి, దుర్మార్గురాలు కాదు. కొడుకు చేసింది ఆమెకు పూర్తిగా తెలియదు. ఉద్యోగమని పట్నం తీసుకుపోయి, జీతం దగ్గర మోసం చేశాడని అనుకుంటున్నది. ఆ మాట సరిచేసే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

జూలై దగ్గరపడే కొద్దీ నాకు చేసేపని మీద ధ్యాస ఉండటం లేదు. మొన్న చెంచా బదులు వేలికే గరుకు కాగితం పట్టాను.

మాధవి.


ఆత్మకూరు,
2 మే 2025.

మాధవక్కకు,

అత్త వచ్చింది. డబ్బు ఇచ్చి రసీదు తీసుకుని పోయింది. నన్ను గుర్తుపట్టలేదు. నా జుట్టు ఇప్పుడు చెవుల దాకానే ఉంది, కళ్ళద్దాలు కూడా వచ్చాయి. ఆమెకు చూపు కూడా ఆనడం లేదట.

నిన్న గురువారం డాక్టరమ్మ వచ్చింది. జయశ్రీ పక్కన గంటసేపు ఊరికే కూర్చుంది. పోయేటప్పుడు జయశ్రీ ఆమె కొంగు పట్టుకుంది. అది చూసి లిదియమ్మ వంటింట్లోకి పోయి ఏడ్చింది.

ఇంకేమీ విశేషాలు లేవు. మీ ఆయన జూలైలో వస్తున్నాడు కదా, ఇల్లు సర్దుకుంటూ ఉంటావు.

నిరోష.


ఉదయగిరి,
10 జూలై 2025.

నిరోషకు,

ఆయన రాలేదు.

మొన్న ఎనిమిదో తేదీ నేనూ మా అత్తా నెల్లూరు జైలు దగ్గరికి పోయాం. కొడుక్కని కొత్త లుంగీ, చొక్కా సంచిలో పెట్టుకుంది. గేటు దగ్గర ఆఫీసరుకు మీ ఆత్మకూరు రసీదు చూపించి, “జుల్మానా కట్టేసినాను సారూ, ఇదిగో చీటీ. నా కొడుకును పంపీండి” అన్నది. ఆయన మర్యాదస్తుడు. కూర్చోబెట్టి నీళ్ళిప్పించి, రెండుసార్లు చదివి చెప్పాడు. “అమ్మా, నువ్వు అనాథలకు విరాళమిచ్చినట్టు ఉండాది ఇది. కోర్టులో నీ కొడుకు పేరు మీద ఒక్క రూపాయి కూడా జమ కాలేదు.” మా అత్తకు అర్థం కాలేదు. “ఇచ్చినాను గదా సారూ, ఇచ్చినాను గదా” అని అదే మాట. బస్సులో వచ్చేటప్పుడు కూడా ఆ సంచి ఒళ్ళోనే పెట్టుకుంది.

ఇప్పుడు నీకు నిజం చెప్పాలి. తీర్పులో రెండు వాక్యాలున్నాయి. జరిమానాను కోర్టులో జమ చేయాలన్నది మొదటిది. జమ అయిన డబ్బును ఆ ఇంటికి ఇవ్వాలన్నది రెండోది. మా అత్త అడిగినప్పుడు మొదటిది మింగేసి రెండోది చదివాను. ముందుగా అనుకుని చేయలేదు. నోరు దానంతట అదే ఆగిపోయింది. ఆగిన తర్వాత మళ్ళీ తెరవలేదు, అది మాత్రం తెలిసే చేశాను.

ఆయన వస్తాడంటే నాకు భయం నిరోషా. ఈ ఏడేళ్ళలోనే నేను భయం లేకుండా అన్నం తిన్నది. ఇంటికి ఎవరొచ్చారు, ఎందుకు నవ్వావు అని అడిగేవాడు లేడు. అయినా ఆయన మీద జాలి లేదా అంటే, అదీ ఉంది. నన్ను నేనే అర్థం చేసుకోలేకపోతున్నాను.

ఇంకొకటి కూడా రాసేస్తాను, రాయకపోతే ఇక ఎప్పుడూ రాయలేను. నువ్వు చెన్నై పోయిన రోజు నీకు జడ వేసింది నేను. బట్టల షాపులో ఉద్యోగమన్నాడు కదా, ఏ షాపు అని అడిగాను. “నీకెందుకు మే” అన్నాడు. అప్పుడే నాకు గుండెలో కలుక్కుమన్నది. అయినా జడ వేశాను, పూలు పెట్టి బస్సెక్కించాను. నెల తిరక్కుండా ఇంట్లోకి గ్రైండరు వచ్చింది. దాని డబ్బు ఎక్కడిదని నేను అడగలేదు. నాకు తెలుసా తెలియదా అని ఎవరైనా ఒట్టు వేయించుకుంటే ఏం చెప్పాలో ఇప్పటికీ తెలియదు. ఆ గ్రైండరులోనే ఈరోజు కూడా పిండి రుబ్బాను.

మీ లిదియమ్మతో నువ్వు ఒక్క మాట చెబితే ఆ డబ్బును కోర్టుకు పంపేస్తుంది, ఆయన వారంలో బయటికొస్తాడు. చెప్పకపోతే ఏడాదిన్నర ఆగుతాడు. మా అత్త ఆ రసీదును దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నది. విరాళమని రాసిందెవరో గాని, నా పాపాన్ని పూర్తి చేసి పెట్టారు.

మాధవి.


ఆత్మకూరు,
16 జూలై 2025.

అక్కా,

విరాళమని రాసింది నేనే.

ఆరోజు లిదియమ్మ లోపల జయశ్రీకి స్నానం చేయిస్తున్నది. ఆఫీసు గదిలో నేను ఒక్కదాన్నే ఉన్నాను. అత్త గడపలో చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. జుట్టంతా నెరిసిపోయింది. తల దించుకుని రసీదు పుస్తకం తెరిచాను. “ఉదయగిరి కాడి నుంచి వచ్చినాను పాపా. మా వోడి జుల్మానా. ఈ ఇంటికే ఇయ్యాలంట గదా” అన్నది. కూర్చోమ్మా, పెద్దామె వస్తుంది అని చెప్పాను. లిదియమ్మ వచ్చి చేయి చాపితే అత్త ఇవ్వలేదు. “రాసే పాప చేతికే ఇస్తాను” అని పట్టుబట్టింది. ఎవరో దాత, ముసలామె చాదస్తం అనుకుని లిదియమ్మ నవ్వి, రసీదు మీద ముందే సంతకం పెట్టి పోయింది. డబ్బు తమలపాకుల మధ్య ఉంది. రెండు చేతులూ చాపి తీసుకున్నాను. ఎందుకు చాపానో తెలియదు.

లిదియమ్మ సంతకం పెట్టిన ఆ రసీదులో దేని నిమిత్తం అన్నచోట ఖాళీ ఉంది. జుల్మానా అని అత్త తన నోటితోనే చెప్పింది. జరిమానా అని రాసి ఉంటే లిదియమ్మ చూడగానే కోర్టుకు పంపించేది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే విరాళమని రాశాను. ఆయన ఏడాదిన్నర నా కలం కింద ఉన్నట్టనిపించింది. నాకు ఏడేళ్ళలో ఎప్పుడూ లేనంత బలం వచ్చింది. అత్త ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుని పోతుంటే ఆ బలమంతా పోయింది. అందుకే ఆ రోజు నీకు నాలుగు ముక్కలు గిలికి ఊరుకున్నాను.

నీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. నువ్వక్కడ ఒక వాక్యం మింగావు, నేనిక్కడ ఒక మాట మార్చాను. మధ్యలో ముసలామె బర్రెలు పోయాయి.

నిన్న లిదియమ్మతో అంతా చెప్పేశాను. గట్టిగా అరుస్తుందనుకున్నాను. రసీదు పుస్తకం తెరిచి నా రాత చూసింది. తర్వాత, “నీకు కోపం ఉండాది, ఉండనీ. నీ కోపాన్ని నేనేమీ అనను. ముసలామెను మోసం జేసి తెచ్చుకున్న దుడ్లతో మాత్రం ఈ ఇంట్లో ఎవురికీ నయం గాదు” అన్నది. వెంటనే కోర్టుకు కట్టేద్దామా అని అడిగాను. “నువ్వూ నేనూ ఎవురం చెప్పేదానికి? ఇచ్చినామె చెప్పాల” అన్నది.

దీనితో ఒక కాగితం పంపుతున్నాను. అందులో రెండు గళ్ళు ఉన్నాయి. ఈ డబ్బు నా కొడుకు జరిమానా కింద ఇచ్చాను అని ఒకటి, ఈ ఇంటికి నేనిచ్చిన విరాళం అని ఇంకొకటి. అత్త ఏ గడిలో వేలిముద్ర వేస్తే అదే ఖాయం. మొదటిదైతే లిదియమ్మ మరుసటి రోజే కోర్టులో కడుతుంది. ఆయన వస్తాడు. నేను ఇంకేమీ చేయను, ఏడ్వను కూడా.

ఒక్క షరతు. వేలిముద్ర వేయించే ముందు ఆమెకు తీర్పు మొత్తం చదువు. నా సాక్ష్యం ఉన్న పేజీలు కూడా చదువు. ఆమె వినడానికి నాకు సిగ్గు లేదు. ఈసారి ఏ వాక్యం దగ్గరా ఆగొద్దు.

జడ సంగతి రాశావు.  దానికి ఎప్పుడైనా జవాబు రాస్తానేమో. రాయనేమో కూడా.

నిరోష.


ఉదయగిరి,
3 ఆగస్టు 2025.

నిరోషకు,

చదివాను. మొత్తం చదివాను.

పోయిన ఆదివారం పొద్దున్నే కూర్చున్నాం. ముందు నేను మింగిన వాక్యం చదివి, అది మింగిన సంగతి కూడా చెప్పాను. కొడుతుందనుకున్నాను. “ఊఁ, కానీ” అన్నది. నీ పేజీలు వచ్చేసరికి కాగితాలు ఒళ్ళో పెట్టేశాను. మా అత్త చెంబుతో నీళ్ళిచ్చి మళ్ళీ చదవమన్నది. నిన్ను ఎవరికి, ఎంతకు అప్పజెప్పాడో ఉన్నచోట ఒకసారి చేయి పైకెత్తింది. ఆపాను. “లేదు, చదువు” అన్నది. అయిపోయేసరికి మధ్యాహ్నమైంది. “జీతం ఎగ్గొట్టినాడనుకున్నానే” అని ఒక్క మాట అని, వల తీసుకుని గడపలో కూర్చుంది. చినిగినచోటా చినగనిచోటా కూడా కుడుతూ పోయింది. రెండు రోజులు ఆ వల వదల్లేదు. జైలు నుంచి ఫోనొస్తే తీసుకుని, ఆయన అరుస్తున్నంతసేపూ విని, పెట్టేసింది.

మూడో రోజు కాగితం తెమ్మన్నది. చెంచాల కేంద్రం నుంచి సిరా డబ్బా అడిగి తెచ్చాను. ఏ గడి ఏదో మూడుసార్లు చెప్పాను, నా మీద ఆమెకు నమ్మకం పోయింది కాబట్టి పక్కింటి వరదమ్మ కూతురితో కూడా చదివించాను. వేలు సిరాలో అద్దుకుని చాలాసేపు గాల్లోనే ఉంచింది. ఏ గడి మీదికి పోతుందో నాకు అర్థం కాలేదు. నేను ఏది కోరుకుంటున్నానో కూడా ఆ నిమిషంలో నాకు తెలియలేదు.

రెండో గడిలో వేసింది. విరాళం గడిలో.

“జుల్మానా వాడిది. వాడి ఒంటితో వాడే తీర్చుకోవాల. ఈ దుడ్లు నా బర్రెలవి, నేనిచ్చినవి. ఆ మాట్లాడని పిల్లకు డాక్టరమ్మ వస్తాదంట గదా, రానీ” అన్నది. అన్న తర్వాత కొత్త లుంగీ తీసి మడత విప్పి, మళ్ళీ మడిచి పెట్టెలో పెట్టింది. కొడుకును చూడటానికి పోనంటుందేమో అనుకున్నాను. లేదు, వచ్చే ములాఖత్ రోజుకు చేపల పులుసు చేసుకుపోవచ్చునా అని అడుగుతున్నది.  నేను కూడా ఈ ఏడాదిన్నరలో ఏదో ఒకటి తేల్చుకోవాలి. గ్రైండరును మాత్రం నిన్న బయట పెట్టేశాను. చేత్తోనే రుబ్బుతున్నాను.

వేలిముద్ర వేసిన కాగితం దీనితోనే పెడుతున్నాను. ఉత్తరం మూసేయబోతుంటే మా అత్త ఆగమన్నది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

“ఆ రాసే పాప నిరోషేనని నాకు తెలీదనుకున్నారా ఇద్దురూ? చూపు ఆనకపోతే మాత్రం, ‘కూర్చోమ్మా’ అన్న గొంతు తెలీదా? రెండేళ్ళు నా ఇంట్లో తిరిగిన గొంతు గదా. అందుకే ఆ బిడ్డ చేతికే ఇచ్చినాను. చేత్తో తీసుకునింది, ఇంక తప్పు తీరిపోయింది, మాట ఐపోయింది అనుకోని సంతోషంగా బస్సెక్కినాను. అప్పుడు నాకు కాయితం సగమే తెలుసు. ఇప్పుడు మొత్తం తెలుసు. ఆ బిడ్డకు రాయి మే. తీసుకున్నంత మాత్రాన ఐపోలేదని రాయి. నేనే చెప్పినానని రాయి.”

రాశాను.

మాధవి.